నాటి మేటి, నేటి మేటి: మధ్యలో మైదానం

హాకీ తెలిసిన నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి ఒకే వాదన మొదలవుతుంది. ధ్యాన్‌చంద్ లాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారని పెద్దవాళ్లు అంటారు. ఇప్పటి వేగానికి అప్పటివాళ్లు పది నిమిషాలైనా నిలబడగలరా అని చిన్నవాళ్లు అడుగుతారు. మన పూర్వ విద్యార్థుల కలయికల్లో కూడా ఈ మాట చాలాసార్లు వచ్చింది, ఎప్పుడూ తేలకుండానే భోజనాలకు లేచాం. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు ఈ వాదననే తీసుకుందామనిపించింది. ఎవరు గొప్పో తేల్చడం నా ఉద్దేశం కాదు. ఈ పోలికను ఓపికగా చూస్తే మన బడికి, మన ఊరికి పనికొచ్చే విషయం ఒకటి కనబడుతుంది. దాన్ని మీ ముందుంచడానికే ఈ వ్యాసం.

ముందు అంకెలు చూద్దాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు 5 మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసింది, ఒక్కటీ ఇవ్వలేదు. అందులో 14 ధ్యాన్‌చంద్‌వి. 1932లో లాస్ ఏంజెలిస్‌లో అమెరికాను 24-1తో ఓడించాం. ఆ ఒక్క మ్యాచ్‌లోనే ధ్యాన్‌చంద్ తమ్ముడు రూప్ సింగ్ 10 గోల్స్ కొట్టాడు. 1936 ఆగస్టు 15న బెర్లిన్‌లో జర్మనీని వాళ్ల గడ్డ మీదే 8-1తో గెలిచాం. 1952 హెల్సింకి ఫైనల్లో నెదర్లాండ్స్ మీద మన 6 గోల్స్‌లో 5 బల్బీర్ సింగ్ సీనియర్‌వే. ఇక నేటి సంగతి. 2024 పారిస్‌లో మన జట్టు 8 మ్యాచ్‌లలో చేసిన గోల్స్ మొత్తం 15. అందులో 10 కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌వి. కాంస్యం కోసం స్పెయిన్‌తో ఆడిన మ్యాచ్‌లో 2-1తో గెలిచాం, ఆ రెండు గోల్స్ కూడా అతనివే.

అంకెలు మాత్రమే చూస్తే తీర్పు వెంటనే వచ్చేస్తుంది. అయితే నేను ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా యంత్రాల పరీక్షా నివేదికలు చూస్తున్నవాణ్ణి. నివేదికలో రీడింగుల కంటే ముందు, పరీక్ష ఏ పరిస్థితుల్లో జరిగిందో రాస్తాం. లోడు ఎంత, ఉష్ణోగ్రత ఎంత, వోల్టేజీ ఎంత అన్నవి లేకపోతే ఆ రీడింగులతో రెండు మోటార్లను పోల్చడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆటగాళ్లను పోల్చేటప్పుడు ఆ పైపేజీ చదవకుండానే నేరుగా రీడింగుల దగ్గరికి వెళ్లిపోతున్నాం.

ఆ పైపేజీలో ఏముందో చూద్దాం. 1932లో ఒలింపిక్ హాకీ ఆడిన జట్లు మూడంటే మూడు: మనం, జపాన్, అమెరికా. ఇప్పుడు పన్నెండు జట్లు వస్తాయి. వాటిలో నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం, ఆస్ట్రేలియా లాంటి అరడజను జట్లలో ఎవరు ఎవరినైనా ఓడించగలరు. ఇది నేటివాళ్ల పక్షాన చెప్పాల్సిన మాట. అయితే ధ్యాన్‌చంద్ కాలంలో బరిలోకి దిగిన పదకొండు మందే 70 నిమిషాలూ ఆడాలి. అలసిపోతే కాసేపు కూర్చుని మళ్లీ వచ్చే వీలు లేదు. ఇప్పుడు ఆటగాళ్లు కొన్ని నిమిషాలకోసారి మారుతూ ఉంటారు, ఆటను 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. పైగా అప్పట్లో ఆఫ్‌సైడ్ నియమం ఉండేది. గోల్ దగ్గర కాచుకుని నిలబడే అవకాశం ఫార్వర్డ్‌కు లేదు. 1990ల చివర్లో ఆ నియమాన్ని తీసేశారు. ఇది నాటివాళ్ల పక్షాన చెప్పాల్సిన మాట.

వీటన్నిటికన్నా పెద్ద తేడా కాళ్ల కింద ఉంది.

పచ్చిక పోయి ప్లాస్టిక్ వచ్చిన రోజు

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ మైదానం మీద ఆడించారు. అంతకు ఏడాది ముందే, 1975లో, అజిత్‌పాల్ సింగ్ నాయకత్వంలో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్ తెచ్చుకున్నాం. ఆ ఫైనల్లో గెలుపు గోల్ ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్‌ది. అలాంటి జట్టు ఏడాది తిరిగేసరికి మాంట్రియల్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. అంతకుముందు ఆడిన ఏ ఒలింపిక్స్ నుంచీ మన జట్టు పతకం లేకుండా రాలేదు. ఏడాదిలో ఆటగాళ్లు ఆట మరిచిపోరు కదా!

మన మొరం నేల మీద ఆడినవాళ్లకు ఇందులోని కిటుకు సులువుగా అర్థమవుతుంది. మట్టి మీద గానీ పచ్చిక మీద గానీ బంతి తిన్నగా రాదు. ఒక చిన్న రాయి తగిలితే పక్కకు పోతుంది, ఒక గుంత వస్తే పైకి లేస్తుంది. కాబట్టి ఆటగాడు బంతిని కర్రకు అంటిపెట్టుకుని, మణికట్టు తిప్పుతూ, ఒక్కొక్కణ్ణి తప్పించుకుంటూ పోవాలి. దూరం కొట్టిన బంతి ఎటు పోతుందో నమ్మకం లేనప్పుడు దాన్ని దగ్గర ఉంచుకోవడమే తెలివి. మన దేశపు హాకీ కళ అంతా ఆ ఎగుడుదిగుడు నేల నుంచి పుట్టింది. కృత్రిమ మైదానంలో ఎగుడుదిగుళ్లు లేవు. తడిపిన మైదానం మీద ఘర్షణ తక్కువ కాబట్టి బంతి గీత గీసినట్టు దూసుకుపోతుంది. నలభై గజాల అవతలి మనిషికి ధైర్యంగా పాస్ ఇవ్వొచ్చు. అప్పుడు బంతి వెంట పరుగెత్తే ఊపిరి, జాగా వెతుక్కునే బుర్ర, గట్టిగా కొట్టే బలం ముందుకొచ్చాయి. మణికట్టు పనితనానికి విలువ పోలేదు, కానీ దాని ఒక్కదానితోనే గెలిచే రోజులు పోయాయి.

ఐరోపా దేశాల్లో, ఆస్ట్రేలియాలో ఇలాంటి మైదానాలు ఊరూరా వచ్చాయి. మన దేశంలో పెద్ద నగరాల్లో కూడా ఒకటీ అరా మాత్రమే ఉండేవి. మన పిల్లవాడు పదహారేళ్లు మట్టి మీద ఆడి, జాతీయ శిబిరానికి వెళ్లాక మొదటిసారి కృత్రిమ మైదానం మీద కాలు పెట్టేవాడు. అవతలివాడు బడి వయసు నుంచే దానిమీద ఆడుతుండేవాడు. 1980లో మాస్కోలో స్పెయిన్‌ను 4-3తో ఓడించి స్వర్ణం తెచ్చుకున్నా, ఆ తర్వాత పతకం కోసం 2021 ఆగస్టు దాకా, అంటే నలభై ఒక్క ఏళ్లు ఆగాల్సి వచ్చింది. మధ్యలో 2008లో ఒలింపిక్స్‌కు అర్హత కూడా దక్కలేదు. ఆ కాలంలో ఆడిన వాళ్లందరినీ 'నాటివాళ్ల ముందు వీళ్లెంత' అని తీసిపారేశాం. మైదానం చేసిన దెబ్బకు ఆటగాళ్లను తిట్టాం.

ఇద్దరు గోల్‌కీపర్లు

గోల్‌కీపర్లను చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. శంకర్ లక్ష్మణ్ 1956, 1960, 1964 ఒలింపిక్స్ ఆడాడు, రెండు స్వర్ణాలు, ఒక రజతం తెచ్చాడు. ఆ మూడు ఫైనల్సూ పాకిస్తాన్‌తోనే, మూడింటిలోనూ పడింది ఒక్కొక్క గోలే. 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు టోర్నమెంటు మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో అతనే కెప్టెన్, స్వర్ణం మనదే. అతని తలకు హెల్మెట్ లేదు. కాళ్లకు ప్యాడ్లు, చేతులకు గ్లవ్స్, మిగతాదంతా గుండె ధైర్యం.

పి.ఆర్. శ్రీజేష్ నాలుగు ఒలింపిక్స్ ఆడాడు. తలనుంచి కాలి వేళ్ల దాకా రక్షణ సామగ్రి ఉంది. కానీ అతని మీదికి వచ్చిన బంతి వేరు. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ చేసిన బంతి గంటకు వంద కిలోమీటర్లు దాటి వస్తుంది. 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు ఉన్న గోల్‌లో ఏ మూలకు వస్తుందో చూసి కదిలేంత సమయం ఉండదు, ముందే పసిగట్టాలి. మ్యాచ్ సమంగా ముగిస్తే షూటౌట్ అనే కొత్త పరీక్ష ఉంది. 23 మీటర్ల దూరం నుంచి 8 సెకన్లలో ఒక్కడు బంతితో మీదికొస్తాడు. 2024 పారిస్ క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మన జట్టు నలభై నిమిషాలకు పైగా పది మందితోనే ఆడి బ్రిటన్‌ను 1-1 దగ్గర ఆపింది. షూటౌట్‌లో శ్రీజేష్ అడ్డుపడగా 4-2తో గెలిచింది.

వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప? హెల్మెట్ లేకుండా శ్రీజేష్‌ను 1956లో నిలబెట్టలేం, లక్ష్మణ్ మీదికి ఇప్పటి డ్రాగ్ ఫ్లిక్ కొట్టించలేం. ఆ పరీక్ష జరగదు. జవాబు దొరికే ప్రశ్న ఒకటుంది. ఈ ఆటగాళ్లు ఎక్కడ తయారయ్యారు?

ధ్యాన్‌చంద్ సైనికుడు. శంకర్ లక్ష్మణ్ కూడా సైన్యం నుంచే వచ్చాడు. బల్బీర్ సింగ్ పంజాబ్ పోలీసు. ఆ కాలంలో రెజిమెంట్లు, పోలీసు శాఖలు, రైల్వేలు హాకీకి అన్నం పెట్టాయి, మైదానం చూపించాయి. శ్రీజేష్ కేరళలోని ఒక పల్లె నుంచి తిరువనంతపురంలోని జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూలుకు వెళ్లి గోల్‌కీపర్ అయ్యాడు. హర్మన్‌ప్రీత్ అమృత్‌సర్ జిల్లా తిమ్మోవాల్ రైతుబిడ్డ, జలంధర్‌లోని సుర్జీత్ అకాడమీలో తయారయ్యాడు. కాలం మారింది, రెజిమెంటు స్థానంలో బడి వచ్చింది. నాడైనా నేడైనా ప్రతి మేటి ఆటగాడి వెనక ఒక మైదానం, దాన్ని చూసుకునే ఒక సంస్థ ఉన్నాయి. ఒంటరిగా ఎవరూ మొలవలేదు.

మనవాళ్ల సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ముఖేష్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు: 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ. 1970లో పుట్టినవాడు, అంటే మా వయసువాడే. 1995లో అర్జున, 2003లో పద్మశ్రీ అందుకున్నాడు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ధన్‌రాజ్ పిళ్లై నాయకత్వంలో 32 ఏళ్ల తర్వాత స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. కానీ అతను ఆడిన మూడు ఒలింపిక్స్‌లో మన స్థానాలు 7, 8, 7. అందుకే చాలామందికి అతని పేరు గుర్తులేదు. మట్టి మైదానాలే దిక్కయిన నగరంలో ఆట నేర్చుకుని, కృత్రిమ మైదానాల మీద ప్రపంచంతో తలపడిన తరం అది. ఆ తరం పతకం తేలేదని కాకుండా, ఏ పరిస్థితుల్లో ఆడిందని చూస్తే వాళ్ల విలువ తెలుస్తుంది.

ఇక ఈ తరంలో ఇ. రజని. నాటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం ఎనుములవారిపల్లె అమ్మాయి, గోల్‌కీపర్. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ మహిళల ప్రపంచ కప్‌లో మన జట్టుకు ఆమే కెప్టెన్. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతంతో వచ్చారు. ముఖేష్‌ది గోల్ కొట్టే పని, రజనిది ఆపే పని. అతను మహానగరం నుంచి, ఆమె పల్లె నుంచి. ఇద్దరినీ పోల్చి మార్కులు వేయడం కుదరదు. అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి, ముప్పై ఏళ్లలో ఇలా ఠక్కున చెప్పుకోగలిగిన పేర్లు వేళ్ల మీద ఉన్నాయంటే ఆలోచించాల్సిందే. పారిస్ వెళ్లిన పురుషుల జట్టులో తెలుగు ఆటగాడు ఒక్కడూ లేడు.

ఇక్కడ రూర్కెలా సంగతి చెప్పాలి. అట్లాంటాలో, సిడ్నీలో ముఖేష్ పక్కన ఆడిన డిఫెండర్ దిలీప్ టిర్కీ. ఒడిశా సుందర్‌గఢ్ జిల్లా సౌనామరా అనే పల్లెవాడు. ఇద్దరూ ఒకే జెర్సీ వేసుకున్నారు, ఒకే ఓటములు చూశారు. ఆ తర్వాత రెండు చోట్లా ఏం జరిగిందో చూడండి. పారిస్‌లో రెడ్ కార్డు తిన్న అమిత్ రోహిదాస్ ఎవరనుకున్నారు? అదే సౌనామరావాడు. టోక్యోలోనూ పారిస్‌లోనూ పతకం అందుకున్నాడు. ఒక పల్లె, రెండు తరాల ఒలింపియన్లు!

ఆ జిల్లాలో ఊళ్ల మధ్య హాకీ పోటీలు పెట్టి, గెలిచిన జట్టుకు మేకను బహుమతిగా ఇచ్చే ఆనవాయితీ ఉంది. అలా పల్లెల్లో పైకి తేలిన పిల్లలను రూర్కెలా దగ్గర పాన్‌పోష్ క్రీడా వసతి గృహంలో చేర్చుకుంటారు. ఉక్కు కర్మాగారం వాళ్ల హాకీ అకాడమీ కూడా ఉంది. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్లకు స్పాన్సరు. 2023 ప్రపంచ కప్ కోసం రూర్కెలాలో ఇరవై వేల మంది పట్టే బిర్సా ముండా స్టేడియం కట్టారు. మేక నుంచి స్టేడియం దాకా ప్రతి మెట్టూ ఉంది, పిల్లవాడు ఎక్కుతూ పోవడమే.

రూర్కెలా కూడా మనలాగే ఫ్యాక్టరీల ఊరు. అక్కడ ఉక్కు కర్మాగారం 1950ల చివర్లో వచ్చింది, మన రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ 1960లలో వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం. ఉద్యోగాలు మనకూ వచ్చాయి, రోడ్లు వచ్చాయి, అపార్టుమెంట్లు వచ్చాయి. ఆటకు సంబంధించి మనం పైమెట్టు మాత్రమే కట్టుకున్నాం. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల నాటికి గచ్చిబౌలిలో మంచి హాకీ స్టేడియం వచ్చింది. అప్పటికే ముఖేష్ మూడు ఒలింపిక్స్ అయిపోయాయి. 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ అక్కడే జరిగింది, హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. ఇరవై ఏళ్లకు, 2025 ఫిబ్రవరి 1న, హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. పేరు హైదరాబాద్‌ది, మ్యాచ్ జరిగింది రూర్కెలాలో. కింది మెట్లు లేకపోతే పైమెట్టు కూడా మన దగ్గర నిలవదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఎకరం పది గుంటలు

పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి గచ్చిబౌలి ఓ నలభై కిలోమీటర్లు. ఏడో తరగతి పిల్లవాడు బడి వదిలాక అంత దూరం వెళ్లి ఆడి రాలేడు. వాడికి కావాల్సింది బడి వెనకే ఉండాలి. హాకీ మైదానం కొలత 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఎకరం పది గుంటలు, గజాల్లో ఆరు వేలు. హైవే పక్కన ఆరు వేల గజాల ఖాళీ జాగా అంటే ఈ రోజుల్లో ఎవరి కళ్లు పడవు? మన చుట్టుపక్కల మనం చిర్రగోనె ఆడిన జాగాలన్నీ వెంచర్లయ్యాయి. ఇక మిగిలేవి బడుల ఆటస్థలాలే.

స్వర్ణోత్సవం గుర్తుగా బడి ఆవరణలో ఒక సభాభవనం కట్టాలని మనలో కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్ల మంచి మనసు మీద నాకు అనుమానం లేదు. శిలాఫలకం మీద దాతల పేర్లుంటాయి, ఏడాదికి రెండు సభలు జరుగుతాయి. కానీ అది ఆటస్థలంలోకి రాకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక మూలే కదా అంటారు. హాకీ మైదానంలో ఒక మూల పోతే మిగిలింది హాకీ మైదానం కాదు. మోటారులో ఒక బేరింగే కదా తీసేశామంటే ఎవరైనా ఊరుకుంటారా?

ఆ డబ్బులో కొంత భాగంతో చేయగల పని చెబుతాను. ఆస్ట్రోటర్ఫ్ మనవల్ల కాదు, అది కోట్ల మాట. కానీ నేలను లెవెల్ చేయించి, రోలర్ తిప్పించి, వాన నీరు నిలవకుండా వాలు సరిచేయొచ్చు. ముప్పై కర్రలు, బంతులు, గోల్‌కీపర్ సామగ్రి రెండు సెట్లు కొనొచ్చు. పీఈటీ సారుకు తోడుగా సాయంత్రాలు నేర్పేందుకు ఒక కోచ్‌కు జీతం ఇవ్వొచ్చు. మొదట హాకీ ఫైవ్స్‌తో మొదలుపెడదాం. జట్టుకు మైదానంలో ఐదుగురే, జాగా పూర్తి మైదానంలో సగం కూడా అక్కర్లేదు. రజని ప్రపంచ కప్‌లో నాయకత్వం వహించింది ఆ ఆటకే అని చెబితే మన ఆడపిల్లలు ముందుకొస్తారు. మన బ్యాచ్‌లవాళ్లు ఎందరో ఈ ఫ్యాక్టరీల్లో మంచి హోదాల్లో ఉన్నారు. ఏడాదికోసారి చుట్టుపక్కల బడులను పిలిచి పోటీ పెట్టించడం వాళ్లకు పెద్ద పని కాదు. బహుమతి మేక అయినా నాకు అభ్యంతరం లేదు, వండే బాధ్యత మా బ్యాచ్ తీసుకుంటుంది.

ఇదంతా చేస్తే మన బడి నుంచి ఒలింపియన్ వస్తాడని నేను హామీ ఇవ్వలేను. సుందర్‌గఢ్‌లో ఎన్ని వేల మంది పిల్లలు ఆడితే ఒక టిర్కీ, ఒక రోహిదాస్ వచ్చారో! కానీ నేల ఉంటే ఆడతారు, ఆడితే ఎవరో ఒకరు పైకి తేలతారు. నేల లేకపోతే ఆ మాటే లేదు. ధ్యాన్‌చంద్ గొప్పా, హర్మన్‌ప్రీత్ గొప్పా అని మనం ఇంకో యాభై ఏళ్లు వాదించుకోవచ్చు, అందులో నష్టం లేదు, నేనూ వస్తాను. ఆటస్థలం విషయం మాత్రం వచ్చే సర్వసభ్య సమావేశంలోనే తేలాలి. ఆ రోజు వీలైనంత మంది రండి. వచ్చేముందు ఒకసారి బడి వెనక్కి వెళ్లి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూడండి. వంద మీటర్లు కూడా ఉండదు, రెండు నిమిషాల పని.